చాక్లెట్ ఇస్తేనే చెయ్యెత్తుతున్నారు, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఒడియా మీడియం. క్లాసులో సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే, కొందరు సవర పిల్లలు, మిగతావాళ్లు ఒడియా. పిల్లలకు చదువు మీద ధ్యాస లేదని ఈ ఏడాది మొదట్లో సొంత డబ్బుతో పెన్నులు, చాక్లెట్లు, స్టార్ స్టిక్కర్లు ఇవ్వడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు క్లాసు బాగా ఊపందుకుంది. ఇప్పుడు ఏం అడిగినా "ఏమిస్తారు గురుమా (టీచరమ్మా)?" అంటున్నారు. ఇవ్వకపోతే చెయ్యెత్తేవాళ్లు లేరు. వెనక బెంచీలో నలుగురు మగపిల్లలు "మేం సూరత్ పోతాం, మాకు లెక్కలెందుకు" అని నా మొహం మీదే అంటారు. హెడ్మాస్టరు గారేమో "మెత్తగా ఉంటే ఇంతే, బెత్తం పట్టు" అంటారు. మరీ అర్థం కానప్పుడు తెలుగులో చెబుతున్నాను, మా చుట్టుపక్కల బడుల్ని చూసుకునే క్లస్టర్ కోఆర్డినేటర్ (సీఆర్‌సీసీ) గారు చూస్తే ఏమంటారోనని అదో టెన్షన్. ఆ ఊపు ఏడాది పొడుగునా నిలబడాలంటే ఏం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, ముందు చాక్లెట్ల సంగతి తేల్చేద్దాం, మీ జీతం కూడా అందులోనే పోతోంది కాబట్టి. ఇది మీ ఒక్క బడికే వచ్చిన తెగులు కాదు. అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అని ముగ్గురు ఒక నర్సరీ బడిలో, బొమ్మలు వెయ్యడమంటే ముందే ఇష్టం ఉన్న పిల్లల్ని ఎంచుకుని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు, ఇంకో జట్టుకు ఏమీ చెప్పకుండా వేశాక ఇచ్చారు, మూడో జట్టుకు ఏదీ లేదు. కొన్నాళ్లు పోయాక అవే స్కెచ్ పెన్నులు క్లాసులో ఊరికే పెట్టి, ఎవరు ఎంతసేపు వేస్తారో చూశారు. ముందే ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటితో గడిపారు. 1973లో అచ్చయిన పరిశోధన ఇది. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది కూలిపని అయిపోతుంది, కూలి ఆపిన రోజు పనీ ఆగిపోతుంది. చెప్పకుండా ఇచ్చిన జట్టుకు మాత్రం ఏ నష్టమూ రాలేదు, అది కూడా గమనించండి. కథ చెడగొట్టింది ముందే పెట్టిన బేరం.

అందుకని ఇప్పటికే మాట ఇచ్చినవి ఉంటే ఇచ్చేయండి, ఆ తరవాత క్లాసుకు దాపరికం లేకుండా చెప్పండి: "ఇకనుంచి జవాబుకి చాక్లెట్ లేదు, రోజూ కొనడం నా వల్ల కాదు, కొనగలిగినా అలా ఇవ్వడం నాకు బాగాలేదు." కొన్నాళ్లు అలుగుతారు, అలగనివ్వండి. బీరువాలో మిగిలిన పెన్నులు, జవాబులతో మార్కులతో సంబంధం లేకుండా, పెన్ను లేని పిల్లకి ఇవ్వండి. ఎక్కాలు అప్పజెప్పడం లాంటి విసుగు పనికి ఎప్పుడైనా చిన్న ఆశ పెడితే మునిగిపోయేదేం లేదు లెండి, అక్కడ చెడిపోవడానికి ఇష్టమనేది ముందు ఉండాలి కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ముందు పిల్లల్లో ఆసక్తి పుట్టించాలి, అది పుడితే చదువు దానంతటదే వస్తుంది అని మన టీచర్లలో చాలామంది నమ్మకం. అందుకే పాటలు, స్టిక్కర్లు, "కలెక్టర్ అవ్వాలి" అనే ఉపన్యాసాలు, ఈమధ్య మైకు పట్టుకుని బడి బడికీ తిరిగే మోటివేషన్ స్పీకర్లు కూడా. (ఆ రోజు పిల్లలు చప్పట్లు బాగానే కొడతారు, మర్నాడు మళ్లీ అదే తీసివేత దగ్గర ఆగిపోతారు.) నేను చూసినంతలో ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులు: ఏదో ఒకటి తనకి వచ్చిందని తెలిసిన పిల్లవాడికి ఆసక్తి పుడుతుంది, ఆ ఆసక్తితో ఇంకొకటి నేర్చుకుంటాడు. రాని పని మీద ఎవరికీ ఇష్టం ఉండదు, మీకూ ఉండదు, నాకూ ఉండదు. మీ వెనక బెంచీ వాళ్లకి లెక్కల మీద విరక్తి ఉందని నేననుకోను, రోజూ అందరి ముందూ "నాకు రాదు" అని తేలిపోవడం మీద ఉంది. దానికంటే "సూరత్ పోతాం" అనడం పరువుగా ఉంటుంది.

కాబట్టి మొదటి పని, ఎవరు ఎక్కడ ఆగిపోయారో చూడడం. పెద్ద పరీక్ష ఏం అక్కర్లేదు. రేపు అందరికీ చిన్న కాగితం ముక్క ఇచ్చి, దీనికి మార్కుల్లేవని చెప్పి, ఒక్క లెక్క వెయ్యండి: 402 లోంచి 178 తియ్యాలి. ఎనిమిదో తరగతికి ఇదేం లెక్క అనుకోకండి. కొందరు 376 అని రాస్తారు. "ఎనిమిదికొచ్చావు, తీసివేత రాదా" అనే ముందు ఆ 376 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. రెండులోంచి ఎనిమిది పోదు, అందుకని ఎనిమిదిలోంచి రెండు తీశాడు, ఆరు. సున్నాలోంచి ఏడు పోదు, ఏడులోంచి సున్నా తీశాడు, ఏడు. నాలుగులోంచి ఒకటి పోతే మూడు. తప్పు పద్ధతే గానీ మూడు స్థానాల్లోనూ శ్రద్ధగా అదే పద్ధతి పాటించాడు! "పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి" అని చిన్న తరగతిలో విన్న ముక్కని ఇన్నేళ్లూ పట్టుకుని వచ్చాడు, ఎవరూ అడగలేదు. ఇంకొకడు 134 అంటాడు, వాడు మధ్యలో సున్నాని దాటేసి రెండుసార్లూ నాలుగు దగ్గరికే అప్పుకి పోయాడు. ఈ ఇద్దరికీ రోగం వేరు, మందు వేరు, మనం మాత్రం ఇద్దరికీ ఒకే ఇంటూ మార్కు పెట్టి పుస్తకం తిరిగిచ్చేస్తాం.

ఇది తెలిశాక మొదటివాడి పక్కన పది నిమిషాలు కూర్చోండి. కాగితం మీద నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు గీయించండి. "కిరాణా కొట్టులో నూట డెబ్బై ఎనిమిది రూపాయలు కట్టాలి, చిల్లర లేదంటున్నాడు, ఏం చేస్తావు?" అని అడగండి. వంద మార్చి పది పదులు తెస్తాడు, అందులో ఒక పది మార్చి రూపాయలు తెస్తాడు, మీరు ఏమీ చెప్పక్కర్లేదు, సంతలో వాడు ఎన్నిసార్లు చేశాడో ఆ పని. ఆ నోట్ల పక్కనే అంకెలు రాయించండి. 224 వచ్చాక అక్కడితో వదిలెయ్యకుండా అలాంటివే ఇంకో రెండు ఇవ్వండి, మొదటిది ఏదో గుడ్డిగా తగిలిందని వాడు అనుకోకుండా. మర్నాడు క్లాసులో అలాంటి లెక్కే బోర్డు మీద వేసి వాణ్ణి పిలవండి. వాడికి వస్తుందని మీకు ముందే తెలుసు, వాడికీ తెలుసు. ఇది చాలు. పది చాక్లెట్లు చెయ్యని పని ఇది చేస్తుంది.

సిలబస్ సంగతేంటని మీరు అడుగుతారు. రోజూ పీరియడ్ మొదట్లో పదిహేను నిమిషాలు పిల్లల్ని వాళ్లున్న చోటిని బట్టి మూడు జట్లుగా కూర్చోబెట్టి పని ఇవ్వండి, ఆ తరవాత అందరికీ కలిపి ఎనిమిదో తరగతి పాఠం. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చాలా రాష్ట్రాల్లో చేయించింది ఇలాంటిదే, తరగతిని కాకుండా పిల్లవాడికి ఇప్పుడు ఏం వచ్చో దాన్ని బట్టి జట్టు కట్టడం. ఒక్క షరతు, జట్లు మారుతూ ఉండాలి, వాటికి "డల్ బ్యాచ్" లాంటి పేర్లు పడనివ్వకూడదు. ఒకసారి పడిందంటే ఆ పేరు పదో తరగతి దాకా వదలదు.

మన సరిహద్దు బడుల్లో ఇంకో చిక్కుంది, బయటివాళ్లకి కనపడదు. తెలుగులో డెబ్బై ఐదు అంటే పదులు ముందు, ఒకట్లు తరవాత. ఒడియాలో పంచస్తరి, అంటే ఐదు ముందొస్తుంది. సతాబన అంటే యాభై ఏడు, అక్కడ కూడా ఏడే ముందు. మీరు ఒడియాలో అంకెలు గబగబా చెప్పి రాసుకోమంటే మన తెలుగు గుంటలు, పాపం, విన్న వరసలో రాసి 57 కి 75 పెడతారు, ఆ తరవాత లెక్కంతా సరిగ్గా చేసినా జవాబు తప్పు. నోటితో చెప్పే ప్రతి సంఖ్యా బోర్డు మీద కూడా రాయండి. కొంతమంది "లెక్కల్లో వీక్" అనే ముద్ర ఒక్క వారంలో పోతుంది.

క్లాసులో ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో ఒకసారి గమనించుకోండి. మేరీ బడ్ రోవ్ అనే ఆవిడ 1970ల్లో టీచర్ల పాఠాలు రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక సగటున సెకను అటూ ఇటూగా ఆగి, వెంటనే ఇంకొకర్ని అడిగేస్తున్నారు, లేదంటే జవాబు తామే చెప్పేస్తున్నారు. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మీ క్లాసులో పిల్లవాడు ప్రశ్న ఒడియాలో విని, తెలుగులోనో సవరలోనో ఆలోచించి, మళ్లీ ఒడియాలో చెప్పాలి, మూడు సెకన్లు కూడా తక్కువే. ఐదు లెక్కపెట్టుకోండి మనసులో. ఆ నిశ్శబ్దం మొదట్లో చచ్చేంత ఇబ్బందిగా ఉంటుంది, అలవాటవుతుంది. ఇంకోటి, "బుఝిల?" (అర్థమైందా?) అని అడగడం మానెయ్యండి. దానికి "హఁ గురుమా" తప్ప వేరే జవాబు ఏ పిల్లా చెప్పదు, అర్థమైనా కాకపోయినా. "నీ పక్కవాడికి ఇది ఎలా చెబుతావు?" అని అడగండి.

నోటుబుక్కుల సంగతి. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన పనిలో కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి ఏం బాగుందో ఏం దిద్దుకోవాలో ఒక మాట రాసిచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. మాట మాత్రమే రాసిన పిల్లల్లో ఆసక్తి నిలబడింది, పనీ మెరుగైంది. రెండూ ఇచ్చిన పిల్లలు మార్కులు మాత్రమే ఇచ్చిన వాళ్లలాగే ఉండిపోయారు, అంకె కనపడితే పక్కన రాసిన మాట ఎవరు చదువుతారు! మీరు పరీక్షల్లో మార్కులు ఎలాగూ వెయ్యాలి, వెయ్యండి. రోజువారీ నోటుబుక్కుల్లో మాత్రం అంకె వద్దు. రోజుకి ఏడెనిమిది పుస్తకాలు తీసుకుని ఒక్కో వాక్యం రాయండి, వారంలో అందరి దగ్గరికీ వెళ్లొస్తారు. "గుడ్" అని రాయడం వాక్యం కాదు. "సమీకరణం సరిగ్గా పెట్టావు, గుర్తు అటు నుంచి ఇటు తెచ్చేటప్పుడు మార్చలేదు, మూడోది మళ్లీ చెయ్యి" అనేది వాక్యం. తెలివైనవాడివి, తెలివైనదానివి అనే మాట కూడా తగ్గించండి, అది విన్న పిల్లలు ఆ పేరు పోతుందేమోనని కష్టమైన లెక్క జోలికి పోకుండా తప్పించుకోవడం నేర్చుకుంటారు.

సూరత్ కుర్రాళ్లు. వాళ్లని వెక్కిరించకండి, "సూరత్‌లో మగ్గం దగ్గర చస్తావు" అని బెదిరించకండి. మన గంజాం, గజపతి వైపు నుంచి వాళ్ల అన్నలు, బాబాయిలు అక్కడికో కేరళకో పోయి పంపిన డబ్బుతోనే ఇళ్లు నడుస్తున్నాయి, మీరు సూరత్‌ని చిన్నబుచ్చితే వాళ్లింటిని చిన్నబుచ్చినట్టే. వాళ్ల మాటనే పాఠం చెయ్యండి. బోర్డు మీద రాయండి: మేస్త్రి దగ్గర 20,000 అడ్వాన్సు తీసుకున్నావు, నెలకి 2,500 కోస్తాడు, ఎన్ని నెలల్లో తీరుతుంది? ఎనిమిది అని వెంటనే అరుస్తారు. ఇప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీ అని చేర్చండి. మొదటి నెల వడ్డీయే 600, అసలు కింద తగ్గింది 1,900 మాత్రమే. రెండో నెల వడ్డీ 18,100 మీద. ఇలా ఒక్కో వరస వాళ్లతోనే వేయించండి, ఎనిమిది నెలల్లో తీరుతుందన్న అప్పు పదో నెలలోకి పోతుంది. "మేస్త్రి చెప్పింది ఎనిమిదే కదా, మిగతాది ఎవరి జేబులోకి పోయింది?" అని వదిలెయ్యండి. ఆ రోజు ఇంటికెళ్లి నాన్నని అడగని పిల్లవాడుంటే నాకు చెప్పండి. చక్రవడ్డీ పాఠం ఎనిమిదో తరగతిలో ఎలాగూ వస్తుంది, దానికి ఇంతకంటే మంచి దారి లేదు. జీడితోటలున్న ఇళ్ల పిల్లలుంటే, 80 కిలోల పిక్కల బస్తా పగలగొడితే ఎంత పప్పు దిగుతుందో ఇంట్లో అడిగి రమ్మని, శాతాలు అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఆ నలుగురితో విడిగా ఒక మాట కూడా చెప్పండి, ఉపన్యాసంలా కాదు, సమాచారంలా: ఐటీఐలో చాలా ట్రేడులకు పదో తరగతి పాసవ్వాలి, బరంపురంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది, ఎలక్ట్రీషియనో ఫిట్టరో చేసి సూరత్ పోయినవాడి జీతం వేరు. మీ ఊళ్లో అలా చదువుకున్న కుర్రాడు ఎవరైనా పండక్కి వస్తే ఒక పీరియడ్‌కి పిలవండి, మైకూ శాలువా ఏమీ వద్దు.

పిల్లలకి కొంచెం ఎంచుకునే వీలివ్వడం కూడా మర్చిపోకండి. పది లెక్కలు ఇచ్చి "ఏవైనా ఆరు" అంటే చాలు, అదే పని, కానీ నేను ఎంచుకున్నానని ఉంటుంది.

బెత్తం గురించి ఎక్కువ చెప్పను. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17: కొట్టడం నిషేధం, మనసు నొప్పించే శిక్షలూ నిషేధం. హెడ్మాస్టరు గారి మాటలో ఉన్న న్యాయం మాత్రం తీసుకోండి, పనిలో మెత్తదనం వద్దు. హోంవర్కు చెయ్యని పిల్ల ఆ రోజు మధ్యాహ్నం డాల్మా (కూరగాయల పప్పు) అన్నం తిన్నాక మీ పక్కన కూర్చుని చేసే ఇంటికి వెళ్లాలి, తిట్టు లేకుండా, తప్పించుకోవడం లేకుండా. మీరు ఊరుకోరని పిల్లలకి తెలియాలి. చదువు రాకపోయినా ఏమీ అనని టీచరంటే పిల్లలకి ఇష్టమే గానీ, తమ మీద ఆవిడకి ఆశ లేదని కూడా వాళ్లకి అర్థమైపోతుంది.

ఏడాదంతా ఊపు ఒకేలా ఉండాలని మాత్రం పెట్టుకోకండి, ఉండదు. వరికోతలప్పుడు బెంచీలు ఖాళీ అవుతాయి, పండగ తరవాత వారం ఎవరికీ బుర్ర పనిచెయ్యదు. ఆ వారాల్లో కొత్త పాఠం మొదలుపెట్టకండి. పది రోజులు రాని పిల్లవాడు తిరిగొచ్చిన రోజు "దయచేశారా దొరగారు" అనడం మనకి నోటి అలవాటు, ఆ ఒక్క మాటతో మర్నాడు కూడా రాడు. వాడి కోసం ముఖ్యమైన లెక్కలు రాసిపెట్టే పని పక్కబెంచీ పిల్లకి అప్పజెప్పండి, వచ్చిన రోజు ఆ పుస్తకం చేతిలో పెట్టండి, అంతే. తల్లి పనికి పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చునే పిల్లని మీరు ఎంత ఉత్సాహపరిచినా బడికి రాలేదు, ఆ బరువు కూడా మీ మీద వేసుకోకండి. అలాగే నేను రాసినవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. తీసివేత కాగితం, ఆగి వినడం, ఈ రెండూ ఈ నెలకి చాలు.

ఇక తెలుగులో చెప్పడం గురించి మీ భయం. మీకు పక్కనే పర్లాకిమిడి. 1880లో ముప్పై రూపాయల జీతానికి అక్కడ రాజావారి బడిలో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు, సవరలో పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో వాళ్లకి బళ్లు నడిపారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకంతో చెవుడు కూడా తెచ్చుకున్నారు. మిమ్మల్ని అంత చెయ్యమనడం లేదు. క్లాసులో సవర పిల్లల్ని అడిగి పది, వంద, ఎక్కువ, తక్కువ, సగం, ఈ నాలుగైదు మాటలు నేర్చుకోండి. టీచరు తప్పుగా పలుకుతుంటే దిద్దే అవకాశం దొరికిన పిల్లలు ఎంత హుషారుగా ఉంటారో మీరే చూస్తారు. ఒడిశా ప్రభుత్వం నడిపే బహుభాషా విద్యలో సవర కూడా ఉంది గానీ అది చిన్న తరగతులకే, ఎనిమిదో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లలకి మీరు తప్ప ఎవరూ లేరు.

సీఆర్‌సీసీ గారు అడిగితే 2020 జాతీయ విద్యా విధానం చూపించండి. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిదో తరగతి, ఆ పైదాకా కూడా ఇంటి భాషలో చెప్పాలని అందులోనే ఉంది. మీరు మీడియం మార్చడం లేదు, అర్థం కాని చోట ఇంటి భాషలో విప్పి చెబుతున్నారు, అంతవరకే. తెలుగులో వివరించిన ప్రతి పదానికీ పక్కన ఒడియా పదం బోర్డు మీద రాసి, పిల్లల చేత కూడా రాయించండి, పరీక్ష రాయాల్సింది అందులోనే కదా.